తొమ్మిది పేర్ల గోడ

ఆ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళకంటే సైకిలును తోసుకుంటూ నడిచేవాళ్ళే ఎక్కువని గంగారత్నానికి తెలిసేసరికి, ఆరు విశ్రాంతి మండపాలకూ పైకప్పులు వేయడం అయిపోయింది.

ఆ మండపాల బొమ్మలు గీసింది ఆమే. దండక మినరల్స్ అనే గనుల కంపెనీ బైలాడీలా ఇనుప కొండల కింద నుంచి తెలంగాణ సరిహద్దులో ఉన్న తర్లగూడ దాకా సైకిలు యాత్రికుల దారి ఒకటి ప్రకటించింది. దారి కొత్తదేమీ కాదు, ఉన్న రోడ్డే. దాని పక్కన ఆరుచోట్ల యాత్రికులు ఆగి సేదదీరడానికి మండపాలు కట్టాలన్నది పథకం. రాయపూర్ నుంచి కన్సల్టెంట్లు రంగుల బొమ్మ పంపారు. ఆ కొండల కింది బచేలీలో, కంపెనీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని గంగారత్నం దానికి కొలతలు వేసింది. రెండు మెట్లు, టైల్సు పరిచిన అరుగు, వంపు తిరిగిన రేకు కప్పు, గుండ్రటి స్టీలు స్తంభాలు, సన్న టైర్ల సైకిళ్ళు దూర్చి నిలబెట్టడానికి వరసగా ఇనుప కమ్మీలు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కాగితం మీద ఏది మాత్రం ముచ్చటగా ఉండదు?

ప్రారంభోత్సవాన్ని ఇక్కడ అందరూ లోకార్పణ్ అంటారు. అది దగ్గరపడ్డాక, అరుగుల మీద నీళ్ళు నిలుస్తున్నాయో పోతున్నాయో చూసి రమ్మని ఆమెను జీపెక్కించారు. డ్రైవరు భూషణానిది తర్లగూడే. ఆఫీసులో హిందీ, ఇంట్లో తెలుగు, సంతలో దోర్లీ మాట్లాడతాడు, జీపు మొరాయిస్తే మూడింట్లోనూ తిడతాడు.

బీజాపూర్ దాటి, మద్దేడు దాటి వెళుతుంటే రోడ్డు పక్కన చెట్ల కింద రాళ్ళు వరసగా నిలబడి కనిపించాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పోయినవాళ్ళకి నిలబెట్టే రాళ్ళవి. వాటి మీద పేర్లు, పేర్ల కింద రంగులతో బొమ్మలు. దుప్పి, విల్లు, చేతి గడియారం, పోయినవాడికి ఏది ఇష్టమైతే అది. భూషణం జీపు నెమ్మది చేసి, స్టీరింగు మీది చెయ్యొకటి తీసి గుండెకు తాకించుకుని మళ్ళీ వేగం పెంచాడు. కంపెనీ కాలనీలోనే పెరిగిన గంగారత్నం ఆ రాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఒకదాని మీద సైకిలు బొమ్మ ఉంటే జీపు ఆపించి ఫోనుతో ఫోటో తీసింది. కన్సల్టెంట్లకు పంపిస్తే బ్రోషరులోకి పనికొస్తుందనుకుంది.

చిట్టచివరి మండపం భోపాలపట్నానికీ తర్లగూడకీ మధ్య, చెట్టన్నది లేని చోట ఉంది. గంగారత్నం చెప్పులు విప్పి అరుగెక్కి, చెంబుతో నీళ్ళు పోసి అవి ఎటు పారుతున్నాయో వంగి చూస్తోంది. అప్పుడే తర్లగూడ వైపు నుంచి ఒక సైకిలు వచ్చింది. సైకిలని చక్రాలను బట్టి అనుకోవాలి గానీ మిగతాదంతా గోనె సంచులే. అటొకటి, ఇటొకటి, పైన అడ్డంగా ఒకటి, మూడింటి నిండా చింతపండు. ముందు ఒక మగమనిషి హ్యాండిలు పట్టుకుని ఒంగి నడుస్తున్నాడు. వెనక ఒక ఆడమనిషి సంచికి భుజం ఆనించి తోస్తోంది. ఎండ అప్పటికే నెత్తిమీదికొచ్చింది.

ఆమె వెనక నుంచి పరుగున ముందుకొచ్చి, నడుముకు కట్టుకున్న సొరకాయ బుర్ర విప్పి, నడుస్తూనే అతని నోట్లో నీళ్ళు పోసింది. అతను హ్యాండిలు వదల్లేదు. తల పైకెత్తి నోరు తెరిచాడు. సగం నీళ్ళు గొంతులోకి, సగం మెడ మీంచి చొక్కాలోకి పోయాయి.

"ఆగండమ్మా, ఇంత నీడ ఉంది, కాసేపు కూర్చుని వెళ్ళండి," అని గంగారత్నం అరుగు మీంచే పిలిచింది.

"ఆగనీకి లేదమ్మా," అంది ఆమె తిరిగి చూడకుండా. "ఆపితే ఇది నిలవడదు. పడితే లేపేదెవరు?"

"స్టాండు వెయ్యొచ్చు కదా?"

భూషణానికి నవ్వాగలేదు. "స్టాండా మేడం? గీ బరువుకు స్టాండు పుల్ల లెక్క ఇరుగుద్ది. ఇంతకుముందు గీ రోడ్డెంట మద్దిచెట్లుండె. చెట్టుకు ఆనిచ్చి కూసునేటోళ్ళు. రోడ్డు ఎడల్పు జేసినప్పుడు అన్ని కొట్టేసిండ్రు గద."

గంగారత్నం తను కట్టించిన మండపాన్ని తనే మొదటిసారి చూసినట్టు చూసింది. ఆ మెట్లు ఈ సైకిలు ఎలా ఎక్కుతుంది? ఆ ఇనుప కమ్మీల మధ్య ఈ సంచులు ఎక్కడ దూరతాయి? అయినా అంత ఎండలో వాళ్ళను అలా పోనివ్వడానికి మనసొప్పలేదు. గబగబా దిగి, "ఇదిగో, ఈ స్తంభానికి ఆనించండి, నేనూ పట్టుకుంటాను," అంది. మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. ఆఫీసరమ్మ అంతగా పిలుస్తుంటే కాదనలేక సైకిలును అటు తిప్పారు.

స్తంభం గుండ్రం, పైగా స్టీలు. హ్యాండిలు దాన్ని తాకిందో లేదో సర్రున జారింది. ముందు చక్రం పక్కకి తిరిగిపోయింది. గంగారత్నం సంచులు కట్టిన తాడు పట్టుకుంది గానీ తాడు ఆమె అరచేతుల్లోంచి మంటపెట్టుకుంటూ వెళ్ళిపోయింది. సైకిలు రోడ్డు మీద బోర్లాపడింది, పై సంచి పగిలి చింతపండు తారు మీద కుప్పగా పడింది. వెనక లారీ ఒకటి వచ్చి హారను మోగించడం మొదలుపెట్టింది.

అందరూ కలిసి, చివరికి లారీ క్లీనరు కూడా దిగి పట్టుకుంటే, సైకిలు లేచింది. హ్యాండిలు ఒక పక్కకి ఒంగిపోయింది. సైకిలతను ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పెట్టి సరిచెయ్యబోతే, ఇంకా కాస్త ఒంగింది. వాళ్ళ పేర్లు సోమక్క, వెంకన్న అని భూషణం చెప్పాడు. భోపాలపట్నం సంతకి ప్రతివారం వస్తారట. సోమక్క రోడ్డు మీద గొంతుక్కూర్చుని చింతపండులోంచి కంకర ఏరుతోంది. గంగారత్నం కూడా పక్కన కూర్చుని ఏరింది. తిడితే బాగుండుననిపించింది. సోమక్క తిట్టలేదు.

"పిలవకుంటే పోతుంటిమి గద బిడ్డా," అంది, అంతే.

గంగారత్నం తను ఏరిన గుప్పెడు ఆమె కొంగులో వేసింది. "నేను ఇక్కడ మీకు ఆనించుకోడానికి గోడ కట్టిస్తాను. ఈ మండపం తెరిచేలోపే కట్టిస్తాను. ఒట్టు," అంది.

"మాకోసం ఎవరు కడతరు తియ్యి," అని సోమక్క కొంగులో చింతపండు ఎత్తుకుని లేచింది.

సంచికి మూతి కట్టి వాళ్ళు బయల్దేరబోతుంటే గంగారత్నం టేపు తీసి సైకిలు పక్కన నిలబడింది. సంచుల పొట్ట ఎక్కడుంది, హ్యాండిలు ఎక్కడుంది, బరువు ఎక్కడ ఆనితే చక్రం జారకుండా ఉంటుంది, అన్నీ కొలుచుకుంది. నడుమెత్తు గోడ చాలు. మెట్లు లేకుండా, రోడ్డుతో సమానమైన నేల మీద, ఇటు సంత నుంచి, అటు ఊరి నుంచి వచ్చేవాళ్ళు తిప్పకుండా ఆనించగలిగేలా. కప్పు కూడా అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి తనకు ముందే ఎందుకు తట్టలేదా అని భోపాలపట్నం రెస్ట్‌హౌసు దాకా తన మీద తనే విసుక్కుంటూ వచ్చింది.

తిరిగి ఆఫీసుకు వెళ్ళగానే మొదటి పనిగా గోడ గీసింది. రెండు మూడు సైకిళ్ళ పొడుగు. బాగా మందంగా. పై అంచు గుండ్రంగా, గోనె చిరక్కుండా. గీసిన కాగితం పట్టుకుని వెంకటనారాయణగారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఈ పథకానికి పెద్ద ఇంజనీరు. ఏలూరు వైపు మనిషి, రిటైర్మెంటు దగ్గరపడింది. ఎవరినీ కసురుకోడు. ఆయనతో చిక్కంతా అక్కడే ఉంది. కసురుకునేవాడితోనైతే పోట్లాడొచ్చు.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి ఆలోచనేనమ్మా," అన్నాడు.

గంగారత్నానికి అప్పుడే ఆశ చచ్చిపోయింది. ఆయన మంచి ఆలోచన అన్నదేదీ ఇంతవరకు జరిగిన దాఖలా లేదు.

"కానీ ఇది మన స్కోపులో లేదు కదా," అన్నాడాయన.

"సైకిళ్ళవాళ్ళ కోసమే కదండీ కట్టింది. వాళ్ళదీ సైకిలే."

"వాళ్ళు తొక్కట్లేదు కదమ్మా, తోస్తున్నారు."

"అందుకే కదండీ వాళ్ళకి ఎక్కువ అలుపు!"

"కాదన్నానా? కానీ మన లెక్కలో సైక్లిస్టంటే రిజిస్ట్రేషను చేసుకున్న యాత్రికుడు. మూటలు, గోనెలు ఫోటోల్లో పడ్డాయంటే రాయపూర్ వాళ్ళు నన్ను నమిలేస్తారు. పైగా రోడ్డంచున గోడంటే రోడ్లవాళ్ళ పర్మిషను కావాలి. అది వచ్చేసరికి నేను ఏలూరులో మనవడికి అన్నం తినిపిస్తుంటాను."

"పోనీ, ఒకవైపు మెట్లు తీసేసి వాలుగా..."

"లోకార్పణ్ అవ్వనివ్వండమ్మా, తర్వాత చూద్దాం."

కాలనీలో పొంగే మురుక్కాలువ గురించీ, ఆడవాళ్ళ బాత్రూముకి గడియ లేకపోవడం గురించీ ఆమె ఇదే మాట విన్నది. తర్వాత చూద్దాం. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు, ఎవరూ చూడలేదు. ఒళ్ళు మండిపోతుంటే వచ్చి తన కుర్చీలో కూర్చుంది. తెర మీద గోడను చెరిపేసింది. ఒక్క మీట నొక్కితే పోయింది. అంత సులువుగా పోయినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ఇంట్లో గవర్రాజు అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని ఆగిపోయాడు. అతను గనిలో డంపరు నడుపుతాడు. అనకాపల్లి వైపు యాస ఇన్నేళ్ళయినా మాటలోంచి పోలేదు.

"ఏటే రత్నం, పప్పులో ఉప్పు రెండుసార్లు ఏసీసినావు."

"నా బుర్ర పనిచెయ్యట్లేదు. పెరుగేసుకుని తిను," అంటూ జరిగిందంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. "యాత్రికులంట! ఏడాదికి ఒకసారి వచ్చి ఫోటోలు తీసుకుపోయేవాళ్ళకి టైల్సు, స్టీలు, రంగుల కప్పు. వారంవారం వచ్చేవాళ్ళకి ఆనించుకోడానికి ఇంత గోడ లేదు!"

గవర్రాజు ఆమె అరచెయ్యి లాక్కుని తాడు కోసుకుపోయిన గీతను చూశాడు. లేచి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చాడు. "మా డంపరు ఆపితే టైరు కింద ఎయ్యడానికి దుంగైనా ఉంటాది. ఆ మనిసికి అదీ లేదు," అని నూనె రాస్తూ, "అయితే మాటిచ్చీసినావు కదేటి. ఇప్పుడేటి సేత్తావు మరి?" అన్నాడు.

గంగారత్నం పెరుగు గిన్నె అతనివైపు జరిపింది. అది తెలిస్తే పప్పులో ఉప్పు రెండుసార్లు ఎందుకు పడుతుంది?

మర్నాడు వెంకటనారాయణగారే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చాడంటే కొంప మునిగిందనే అర్థం.

"అమ్మా, శిలాఫలకం మర్చిపోయాం," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "చివరి మండపం దగ్గరే మంత్రిగారి చేత లోకార్పణ్. మొదట ముగ్గురి పేర్లన్నారు, ఇప్పుడు తొమ్మిదయ్యాయి. పొద్దుటినుంచీ ఒకటే ఫోన్లు. ఒకరి పేరు కింద ఇంకొకరి పేరుంటే ఒప్పుకోరట. అందరివీ పైనే ఉండాలంటే నేనెక్కడి నుంచి తెచ్చేది? తొమ్మిది పైభాగాలున్న రాయి దేవుడు కూడా చెయ్యలేదు!"

గంగారత్నం ఖాళీగా ఉన్న తెర వైపు చూసింది. ఒక ఆలోచన తట్టింది. దాన్ని మొహంలోకి రానివ్వకుండా పెన్ను తీసి మూత పెట్టింది, మూత తీసింది.

"నిలువుగా కాకుండా, పక్కపక్కనే పెడదామండి," అంది. "అన్ని పేర్లూ ఒకే వరసలో. అప్పుడు ఎవరూ ఎవరి కిందా ఉండరు."

ఆయన ఆమెవైపు కళ్ళప్పగించి చూశాడు. "పొడుగైపోతుంది కదా?"

"అవుతుందండి. పొట్టిగా, పొడుగ్గా ఉంటుంది. నడుమెత్తు. ఎత్తు లేకపోతే వెనకాల మండపం కూడా ఫోటోలో బాగా పడుతుంది."

"రోడ్డు మీంచి పేర్లు కనబడాలమ్మా. కార్లో పోయేవాడు చదవగలగాలి."

"రోడ్డంచునే కడదాం." గంగారత్నం అడగకుండా ఉండలేకపోయింది. "మరి రోడ్లవాళ్ళ పర్మిషనో?"

"శిలాఫలకానికి పర్మిషను ఎవరడుగుతారమ్మా! మంత్రిగారి పేరున్న గోడని ఆపే మొనగాడెవడు?" అని ఆయన మొదటిసారి నవ్వాడు. "మీరు నా ప్రాణం నిలబెట్టారు. సాయంత్రానికి బొమ్మ ఇవ్వండి."

సాయంత్రం దాకా ఎందుకు? చెరిపేసిన గోడను గంగారత్నం ఒక్క మీట నొక్కి వెనక్కి తెచ్చుకుంది. ఎత్తు మార్చలేదు, మందం మార్చలేదు, అంచుల గుండ్రం మార్చలేదు. రోడ్డువైపు మొహాన తొమ్మిది పేర్లు వరసగా పరిచింది. పేర్లు అతికించకూడదు, రాతిలోకి చెక్కాలని పక్కన రాసింది. అతికించిన అక్షరాలకు గోనె పట్టుకుంటుంది. వెంకటనారాయణగారు సంతకం పెడుతూ పై అంచు ఎందుకు గుండ్రమని మాత్రం అడిగాడు.

"దండలు వేస్తారు కదండీ. అంచు పదునుగా ఉంటే తెగుతాయి."

"ఎంత దూరం ఆలోచించారమ్మా!" అన్నాడాయన మనస్ఫూర్తిగా.

ఆమె ఇంటికి వెళ్ళి గవర్రాజుకి చెప్పింది. అతను పొలమారేంత నవ్వాడు. ఆ రోజు పప్పులో ఉప్పు సరిగ్గా పడింది.

గోడ కట్టడానికి మేస్త్రీ బుధ్రాం తన మనుషులతో వెళ్ళాడు. గంగారత్నం వెంట ఉండి పునాది లోతుగా తీయించింది. ఫలకానికి ఇంత పునాదా అని బుధ్రాం హిందీలో గొణిగితే, పెద్దవాళ్ళ పేర్లు బరువుగా ఉంటాయని చెప్పింది. సిమెంటు ఆరకముందే భుజంతో నెట్టి చూడబోతే అతను కెవ్వుమన్నాడు. గోడ ముందరి నేలను రోడ్డుతో సమానంగా ఎత్తించి గట్టిగా దిమ్మిస కొట్టించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక కట్టడం దగ్గర నిలబడి ఇది నాది అనుకోవడం ఆమెకు అదే మొదలు.

లోకార్పణ్ సంతరోజున పెట్టారు. జనం వస్తారని పెట్టారు. తీరా జనం వస్తే రోడ్డు మూసేశారు. మలుపు దగ్గర పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. తాడు అవతల సంత బరువుల సైకిళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఎవరి హ్యాండిలు వాళ్ళు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఇక్కడి నుంచి మొహాలు కనబడటం లేదు. సోమక్క వాళ్ళలో ఉందో లేదో తెలియదు. గంగారత్నం రెండుసార్లు అటు నడవబోయింది, రెండుసార్లూ ఎవరో ఒకరు పిలిచి పువ్వుల బుట్ట చేతికిచ్చారు.

యాత్రికులు పక్క మలుపు దాకా బస్సులో వచ్చి, అక్కడ సైకిళ్ళు దించుకుని, మెరిసే చొక్కాలతో తొక్కుకుంటూ వచ్చారు. చెడ్డవాళ్ళేం కాదు, నవ్వుతూ అందరికీ చేతులూపారు. ఒకమ్మాయి ఫోను ఛార్జింగు ఎక్కడ పెట్టుకోవాలని గంగారత్నాన్ని మర్యాదగానే అడిగింది. మంత్రిగారు పరదా లాగారు. గోడకు పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బంతిపూల దండలు వేశారు. తొమ్మిదిమందీ ఎవరి పేరు దగ్గర వాళ్ళు నిలబడి ఫోటో దిగారు. ఎవరికీ ఏ లోటూ రాలేదు. వెంకటనారాయణగారు ఆమె పక్కకి వచ్చి, "గోడ అదిరిందమ్మా," అని చెవిలో చెప్పి వెళ్ళాడు. ఎండ తగ్గకముందే అందరూ కార్లెక్కారు. గంగారత్నాన్ని కూడా ఆఫీసు బస్సు ఎక్కించేశారు. తాడు విప్పారో లేదో చూడటానికి వెనక కిటికీ దగ్గర చోటు దొరకలేదు.

తర్వాతి సంతనాడు, గోడకు పగుళ్ళేమైనా వచ్చాయేమో చూడాలని చెప్పి జీపు అడిగింది. దారిలో మండపాలన్నీ చూస్తూ వెళ్ళింది. రెండోదానికి గొలుసు కట్టి తాళం వేసి ఉంది. టైల్సు మాసిపోకుండా అట. నాలుగోదానిలో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. ఈ దారికి నిజమైన యాత్రికులు అవే అనుకుంది. ఇదివరకైతే ఇవన్నీ చూసి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమె ధ్యాసంతా చివరి గోడ మీదే ఉంది. సైకిళ్ళు వరసగా ఆని ఉంటాయి, జనం కూర్చుని బీడీలు కాలుస్తూ ఉంటారు, ఆ దృశ్యాన్ని దూరం నుంచే చూడాలని భూషణంతో జీపు మండపానికి ఇవతలే ఆపించింది.

గోడ దగ్గర ఒక్క సైకిలు లేదు.

చూస్తుండగా రెండు వచ్చాయి, వంటచెరుకు మోపులతో. గోడకు దగ్గరవుతూ నెమ్మదించాయి. గంగారత్నం ముందుకి వంగి జీపు తలుపు పట్టుకుంది. సైకిలు తోసేవాళ్ళలో ముందున్నతను ఆగకుండానే ఒక చేత్తో తలగుడ్డ తీశాడు. వెనకతను రోడ్డు పక్కనున్న ఆకొకటి తెంపి గోడ మీద పెట్టాడు. ఇద్దరూ రోడ్డుకు అవతలి అంచుకు జరిగి, గోడకు దూరంగా తోసుకుంటూ వెళ్ళిపోయారు.

గంగారత్నం జీపు దిగి పరుగులాంటి నడకతో గోడ దగ్గరికి వెళ్ళింది. ఎండిన బంతిపూల మధ్య ఆకులు, గులకరాళ్ళు, గుప్పెడు ఇప్పపూలు. కింద ఒక ఆకుదొన్నె. వంగితే ఇప్పసారా వాసన వచ్చింది.

"ఏమిటిది భూషణం?"

భూషణం దగ్గరికి రాలేదు. కాస్త ఎడంగా నిలబడి మెడ గోక్కున్నాడు. "ఏంది మేడం, మీకు ఎర్కలేందా? మా దిక్కు రోడ్డు పక్కన రాయి నిలబెట్టి పేర్లు చెక్కిండ్రంటే పోయినోళ్ళకే గద. పసుపు, కుంకం, పూలు గూడ పెట్టిరి. వాళ్ళ రాయికి బరువు ఆనిస్తరా ఎవరన్న?"

"నీకు తెలుసు కదా, నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మినిస్టరు గోడని చెప్పిండ్రు. సైకిళ్ళకని నాకెప్పుడు చెప్పిండ్రు?"

నిజమే. వెంకటనారాయణగారికి తెలియకూడదని దాచి దాచి, తెలియాల్సినవాళ్ళకు కూడా తెలియకుండా దాచేసింది. ఆ రాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది, ఆమధ్య జీపు ఆపి ఫోటో కూడా తీసుకుంది! తన తెలివికి తనే మురిసిపోయిన రోజులన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది. కావాలన్న గోడ కావాలన్నచోట కావాలన్న ఎత్తులో నిలబడి ఉంది, దాన్ని ముట్టుకునేవాడు లేడు. పేర్లు లేకపోతే గోడ లేదు. పేర్లు ఉండబట్టి గోడ పనికిరాలేదు. ఎవరి మీద అరవాలో తెలియక, ఎండిన దండ ఒకటి పట్టి లాగింది. తెగలేదు. అంచు గుండ్రం కదా.

తర్లగూడ వైపు నుంచి మూడు గోనెల సైకిలొకటి వస్తోంది. హ్యాండిలు ఒక పక్కకి ఒంగి ఉంది. గంగారత్నం ఎదురెళ్ళింది.

"సోమక్కా! ఆగు. ఇదే, నేను కట్టిస్తానన్న గోడ. మీకోసం కట్టించినదే."

సోమక్క సంచికి భుజం ఆనించే ఉంచి గోడను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "మాకోసమా? మరి గిన్ని పేర్లేంది దాని మీద? మా పేర్లయితే గావు." గొంతు తగ్గించి, "అందరు ఒక్కపాలె పోయిండ్రా బిడ్డా? బస్సు గిట్ల పడ్డదా?" అంది.

భూషణం అటు తిరిగి దగ్గాడు.

"పోలేదు సోమక్కా. ఒక్కరు కూడా పోలేదు. అందరూ బతికే ఉన్నారు."

"బతికున్నోళ్ళకు రాయెందుకు?"

గంగారత్నం నోరు తెరిచింది. లోకార్పణ్ అనబోయింది, మంత్రి అనబోయింది. సోమక్క మొహం చూస్తూ ఆ మాటలేవీ అనలేకపోయింది. "నాకు తెలీదు," అంది. "పేర్లు రాస్తానంటేనే గోడ కట్టనిచ్చారు."

ముందు నుంచి వెంకన్న, "ఏందే, బేరం జేస్తున్నవా? చేతులు గుంజుతున్నయ్, పా పోదాం," అన్నాడు.

"జర ఆగు," అంది సోమక్క. గంగారత్నం మొహంలోకి పరీక్షగా చూసింది. పోయినసారి పిలిచి పడేసిన మొహమది. "బతికే ఉన్నరంటున్నవు. నిజమేనా? నాకు పాపం జుట్టుకోదు గద?"

"నిజం. పోయిన సంతకి ఇక్కడే నిలబడి ఫోటోలు దిగారు. మిమ్మల్ని ఆ మలుపులో ఆపింది వాళ్ళకోసమే."

సోమక్క మలుపు వైపు చూసింది. ఆ రోజు ఎంతసేపు నిలబడ్డారో ఆమె చెప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, గోడ మీది ఆకులనూ గులకరాళ్ళనూ ఒక పక్కకి నెట్టింది. ఇప్పపూలు మాత్రం ఏరి కొంగున కట్టుకుంది.

"అయితే ఇటు తిప్పయ్యా," అంది మొగుడితో. "బతికున్నోళ్ళేనంట. జరసేపు వాళ్ళను మొయ్యమను."

వెంకన్న ఒంగిన హ్యాండిలును మెల్లగా తిప్పాడు. సోమక్క వెనక నుంచి పట్టింది. గంగారత్నం ముట్టుకోలేదు, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. సంచి పొట్ట రాతి మీది అక్షరాలకు ఆనింది, గోనె ఒకసారి కరకరమంది, చక్రం కదల్లేదు. వెంకన్న ఒక చెయ్యి తీశాడు. కాసేపు చూశాడు. రెండో చెయ్యీ తీశాడు. వేళ్ళు అప్పటికీ హ్యాండిలు పట్టుకున్నట్టే వంకర్లుపోయి ఉన్నాయి, వాటిని తొడకు రాసుకుని నిదానంగా చాపాడు.

మండపం వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు. గోడ నీడ ఇంత ఉంటే అందులోనే నేల మీద చతికిలబడ్డారు. సోమక్క సొరకాయ బుర్ర విప్పి అలవాటు కొద్దీ అతని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. వెంకన్న దాన్ని ఆమె చేతిలోంచి అందుకుని, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, తనంతట తనే తాగాడు.